తాడు లాగే ముందు



ఈ టపా సాహిత్యం గురించి కాదు, పెట్రోలుతో నడిచే చిన్న యంత్రాల గురించి. పద్యాలూ ప్రబంధాలూ చెప్పుకునే చోట ఈ ఇంజనాయిలు వాసన ఏమిటని విసుక్కోకండి. ఇది కూడా చుట్టూ తిరిగి భాష దగ్గరికే వస్తుంది.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఒక పనిముట్టును వాడకముందు దానిని ఎలా సిద్ధం చేసుకోవాలో, ఎలా సర్దుకోవాలో తెలిపే మాటలు ఆ పనిముట్టుతో పాటే మన భాషలోకి రావాలి. నాగలికి అటువంటి మాటలు ఉండేవి. పెట్రోలు యంత్రానికి లేవు. యంత్రం వచ్చింది, దాని వెంట రావలసిన మాట రాలేదు. ఆ ఎడంలోనే మనుషుల వేళ్ళు తెగుతున్నాయి.

కూడలి, లేఖిని నాటి మిత్రులలో పలువురు మంచు కురిసే దేశాలలో స్థిరపడ్డారు. మిషిగన్, మిన్నెసోటా, టొరంటో వంటి చోట్ల చాలామంది ఇళ్ళలో కారు పక్కన మరొక యంత్రం కూడా ఉంటుంది. ఇంగ్లీషులో దానిని స్నోత్రోయర్ అనీ స్నోబ్లోయర్ అనీ అంటారు. నా పూర్వవిద్యార్థి ఒకడు కొత్తగా కొన్న ఆ యంత్రం ఫొటో పంపాడు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాడు. "మాస్టారూ, దీనికొక మంచి తెలుగు పేరు పెట్టండి" అని కోరాడు. పేరు సంగతి తరువాత చూద్దాం, ఇంజనాయిలు చూశావా నాయనా అని అడిగాను. "కొత్తది కదా మాస్టారూ, అన్నీ ఉండే ఉంటాయి" అన్నాడు. నిజానికి ఇటువంటి యంత్రాలలో కొన్ని ఇంజనాయిలు పోయకుండానే పెట్టెలో వస్తాయి. పోసి, కొలత చూసుకొని, ఆ తరువాతనే నడపమని వెంట వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం అతడు విప్పలేదు. ఇంగ్లీషు రానివాడా అంటే కాదు, ఇంజనీరు. కాని బొట్టు పెట్టాలని చిన్ననాడు వాళ్ళమ్మ చెప్పింది. ఆయిలు చూడాలని ఎవరూ చెప్పలేదు. ఇంటిభాషలో విన్నది చేతికి అలవాటైంది, పుస్తకంలో ఉన్నది పుస్తకంలోనే ఉండిపోయింది.

మంచు ఎరుగని మన వైపు పాఠకుల కోసం ఆ యంత్రాన్ని కొంచెం వర్ణిస్తాను. ముందుభాగాన వెడల్పాటి ఇనుప నోరు ఉంటుంది. అందులో మెలితిరిగిన ఉక్కురెక్క అడ్డంగా తిరుగుతూ మంచును తవ్వి మధ్యకు లాగుతుంది. దాని వెనుక ఉన్న విసురుచక్రం ఆ మంచును అందుకొని, పైకి లేచిన తొండం గుండా దూరంగా చిమ్ముతుంది. మనిషి వెనుక పిడులు పట్టుకొని నడుస్తాడు. ఒక్కమాటలో చెప్పాలంటే ఇది మన నూర్పిడి యంత్రానికి చెల్లెలు. ఇది ఉపమానం కోసం అంటున్నది కాదు. కెనడాలోని క్యూబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో మంచు చిమ్మే యంత్రాన్ని తయారుచేశాడు. పొలంలో నూర్పిడి యంత్రం పనిచేసే తీరు చూసి ఆయనకు ఆ ఊహ పుట్టిందని చెబుతారు.

అక్క గుణమే చెల్లెలికీ వచ్చింది. అందినదానినల్లా లోపలికి లాక్కుంటుంది. వరిపనకూ మనిషిచేతికీ అక్కకు తేడా తెలియదు, మంచుకూ చేతికీ చెల్లెలికి తేడా తెలియదు. మన దేశంలో నూర్పిడి యంత్రాలు పల్లెపల్లెకూ వ్యాపించిన తరువాత వాటిలో చేతులు పోగొట్టుకున్నవారు ఎందరో. 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణకని ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. ఆ చట్టం పేరుపెట్టి చెప్పిన యంత్రం నూర్పిడి యంత్రమే. చట్టం చేయడం ఢిల్లీలో జరుగుతుంది, చెయ్యి పెట్టడం కళ్ళంలో జరుగుతుంది. ఈ రెండింటి మధ్యా నడవవలసినది మాట.

నాగలి కాలంలో ఆ మాట ఎలా నడిచిందో చూడండి. ఏరువాక పున్నమి అంటే ఎద్దుల కొమ్ములకు రంగులు పూయడం, నాగలికి పసుపు కుంకాలు పెట్టడం అని పట్నవాసులు అనుకుంటారు. ఆ బొట్టు చివర పెట్టేది. అంతకు ముందు ఎంత పని! కర్రును కమ్మరి కొలిమికి తీసుకుపోయి కాల్చి సాగదీయించాలి. వదులైన చీలలను వడ్రంగి చేత బిగింపించాలి. మేడి చేతికి అందే ఎత్తున ఉన్నదా, నొగ ఎక్కడైనా నెరె విచ్చిందా, కాడి ఎద్దుల మెడలను ఒరుచుకుపోతుందా అని చూసుకోవాలి. దుక్కి లోతు మారాలంటే నొగకు కాడిని కట్టే చోటు మార్చుకోవాలి. అక్షరం రాని రైతుకు కూడా ఈ పద్ధతి అంతా కంఠస్థం. ఎందుకంటే ప్రతి భాగానికీ ఒక పేరు ఉన్నది, ఆ పేరుకు తగిన ఒక క్రియ ఉన్నది. కర్రు సాగదీస్తారు, చీల బిగిస్తారు, కాడి కడతారు. పేరూ క్రియా నోట ఉంటే పని చేతికి వస్తుంది.

కృషిపరాశరమనే ప్రాచీన సంస్కృత గ్రంథం నాగలి అంగాలను ఒక్కొక్కటిగా పేర్కొని, ఈష అయిదు మూరలు ఉండాలంటూ కొలతలు కూడా చెప్పింది. సామగ్రి దృఢంగా లేకపోతే దున్నేవేళ మాటిమాటికీ విఘ్నం తప్పదని హెచ్చరించింది. స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలసిన చోడవరంలో ఉంటున్నవాణ్ణి గనుక ఆ విఘ్నం అన్నమాట నాకు గట్టిగా తగిలింది. స్వామికి కొబ్బరికాయ కొట్టడం మన భక్తి. చీల బిగించుకోవడం మన బాధ్యత. మొదటిది చేశాము గనుక రెండవది ఆయన చూసుకుంటాడనుకోవడం ఆయన మీద పనిభారం మోపడమే.

విరాటపర్వంలోనూ ఇదే కనిపిస్తుంది. జమ్మిచెట్టు మీది ఆయుధాలను ఉత్తరుని చేత దించించిన తరువాత, అర్జునుడు గాండీవానికి నారి ఎక్కించి, మ్రోగించి చూసుకొని మరీ యుద్ధానికి కదిలాడు. ఏడాదిపాటు చెట్టుమీద ఉన్న వింటిని సరిచూడకుండా కౌరవసేన మీదికి పోలేదు. అర్జునుడంతటివాడికే అది తప్పలేదు. దసరానాడు జమ్మిచెట్టు చుట్టూ ప్రదక్షిణం చేసే మనం ఆ కథలో పూజను నిలుపుకొని, నారి సరిచూసిన భాగాన్ని జారవిడిచాము. వసంతంలో మూలకు చేరి మళ్ళీ మంచు పడ్డనాడు బయటికి వచ్చే మీ యంత్రం కూడా అజ్ఞాతవాసం చేసి వచ్చినదే.

ఇక మా వైపు సంగతి. (మా ఊరు 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. పాత అలవాటు కొద్దీ నేను ఇంకా విశాఖ జిల్లా అనే అంటుంటాను.) ఈ నేల చెరకుకు పేరు పొందినది. గోవాడలోని సహకార చక్కెర కర్మాగారం, అనకాపల్లి బెల్లం మార్కెట్టు ఈ పంట మీద వెలసినవే. మాకు మంచు లేదు, కలుపు ఉన్నది. కలుపు తీసే కూలీలు దొరకడం కష్టమైనాక సాళ్ళ మధ్య నడిచే పెట్రోలు కలుపుయంత్రాలు వచ్చాయి. పవర్ వీడర్ అంటారు. ముందో వెనుకో ఇంజను, కింద వంపు తిరిగిన కత్తులు, చేతిలో పిడులు, లాగి నడిపించే తాడు. మీ మంచుయంత్రానికి ఇదీ దగ్గర చుట్టమే.

నేను ఎరిగిన ఒక రైతు అటువంటి యంత్రాన్ని అద్దెకు తెచ్చుకున్నాడు. కత్తులకు తుంగ చుట్టుకుంటే, ఇంజను నడుస్తుండగానే క్లచ్చి పిడి వదిలి, వంగి చేత్తో పీకబోయాడు. ఆ క్లచ్చి తీగ సరిగ్గా సర్ది లేదు. పిడి వదిలినా కత్తి ఆగలేదు. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. తరువాత ఆ యంత్రం తాలూకు పుస్తకం చూపమని అడిగితే ప్లాస్టిక్ సంచి విప్పకుండా నా చేతికి ఇచ్చారు. తీగను ఎలా సర్దాలో అందులో బొమ్మ వేసి మరీ చూపారు. ఇంజను ఆపకుండా కత్తుల జోలికి పోరాదని నల్లని పెద్ద అక్షరాలతో హెచ్చరించారు. తెలుగు మాత్రం ఒక్క ముక్క లేదు.

అందుకని ఆ మాటలను తెలుగులో చెప్పిచూస్తాను. మంచుయంత్రాన్నీ కలుపుయంత్రాన్నీ పక్కపక్కన పెట్టుకొని చెబుతాను. తయారీదారు పుస్తకానికి ఇది బదులు కాదు, దాని దగ్గరికి తీసుకుపోయే దారి మాత్రమే.

మొదట నేల. యంత్రం కన్నా ముందు అది నడిచే చోటును సిద్ధం చేయాలి. మంచు పడకముందే బాటమీది కాళ్ళపట్టాలు, వార్తాపత్రికల కట్టలు, నీళ్ళగొట్టాలు, రాళ్ళు, తీగలు ఏరివేయాలి. పడిన తరువాత అవి కనబడవు, యంత్రం నోటికి మాత్రం చిక్కుతాయి. బాట అంచు తెలియడానికి పుల్లలు పాతుకోవాలి. ఇక్కడ పొలంలోనైతే పాత కంచెతీగలు, తాళ్ళు, డ్రిప్పు గొట్టాలు, రాళ్ళు చూసుకోవాలి.

రెండవది ఇంజనాయిలు. యంత్రాన్ని సమమైన నేలమీద నిలిపి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, కొలిచే పుల్లను తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి, తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. తక్కువైతే ఇంజను అరిగి బిగుసుకుపోతుంది. ఎక్కువైనా చేటే, పొగ చిమ్ముతుంది. చలిదేశాలలో సామాన్యంగా 5డబ్ల్యూ-30 రకం పోస్తారు. గడ్డకట్టే చలిలో కూడా అది పలుచగా పారుతుంది. ఇక్కడి వేడికి ఏది పోయాలో పుస్తకం చూసి నిర్ణయించుకోవాలి.

మూడవది పెట్రోలు. ఇందులో మన చెరకు పాత్ర కూడా ఉన్నది. మన దేశంలో పెట్రోలులో కలిపే ఇథనాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఆ ఇథనాలులో కొంత చెరకు నుంచి, మడ్డి నుంచి వచ్చేదే. అమెరికాలో సామాన్యంగా 10 శాతం కలిపినది అమ్ముతారు. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. నిలవ ఉన్నకొద్దీ నీరు చేరి, ఒక హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున పేరుకుంటాయి. పెట్రోలు తానుగా కూడా నెలల తరబడి నిలవ ఉంటే చెడి, కార్బురేటరులోని సన్నని రంధ్రాలలో జిగురై పట్టేస్తుంది. ఎన్నిసార్లు తాడు లాగినా ఇంజను అందుకోకపోవడానికి తరచుగా ఇదే కారణం. కాబట్టి పనికి సరిపడా తాజా పెట్రోలు తెచ్చుకోవాలి. కాలం ముగిసి యంత్రాన్ని మూల పెట్టేముందు ట్యాంకు ఖాళీచేసి, కార్బురేటరులో ఉన్నది అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపాలి. లేదా నిలవకు పనికివచ్చే మందు కలపాలి. ఇంజను ఎంత శాతం ఇథనాలుకు తట్టుకుంటుందో కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. పెట్రోలు పోయడం ఆరుబయట, ఇంజను చల్లారిన తరువాతనే.

నాలుగవది గాలి. కలుపుయంత్రం దుమ్ములో నడుస్తుంది. దాని ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే ఇంజనుకు ఊపిరి ఆడదు. చిరిగితే దుమ్ము లోపలికి పోయి ఇంజను అరిగిపోతుంది. మీ మంచుయంత్రాలలో చాలావాటికి ఎయిర్ ఫిల్టరు ఉండనే ఉండదు. మంచుమీద ధూళి లేదు, పైగా ఫిల్టరు ఉంటే తడిసి గడ్డకట్టి గాలినే ఆపేస్తుంది. ఒక యంత్రం నీతి మరొక యంత్రానికి వర్తించదనడానికి ఇది మంచి ఉదాహరణ.

అయిదవది ఎత్తు సర్దడం. మంచుయంత్రం నోటికి ఇరువైపులా ఇనుప పాదుకలు ఉంటాయి. వాటి బోల్టులు వదులుచేసి, పైకో కిందికో జరిపి, రెండువైపులా ఒకే ఎత్తున బిగించాలి. సిమెంటుబాట అయితే గీకుడుపలక నేలకు రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే చాలు. కంకరబాట అయితే ఇంకా బాగా ఎత్తాలి. లేకపోతే యంత్రం మంచుతో పాటు రాళ్ళను కూడా మింగి, తొండం గుండా తుపాకిగుండులా విసురుతుంది. కలుపుయంత్రానికి వెనుక ఉండే లోతుకడ్డీ ఇదే పని చేస్తుంది. దానిని కిందికి దించితే యంత్రం నిలిచి లోతుగా తవ్వుతుంది, ఎత్తితే పైపైన దున్నుతూ ముందుకు ఉరుకుతుంది. చక్రాలున్న యంత్రమైతే రెండు టైర్లలోనూ గాలి సమానంగా ఉండాలి. లేకపోతే ఒకవైపుకు లాగుతుంది.

ఆరవది మరలూ చీలలూ. మంచుయంత్రం రెక్కను ఇరుసుకు కలిపే షియర్ పిన్ను విరగడానికే పుట్టినది. రాయి తగిలితే తాను విరిగి గేర్లపెట్టెను కాపాడుతుంది. విరిగింది గదా అని ఆ చోట గట్టి బోల్టు బిగిస్తే ఈసారి విరిగేది గేర్లపెట్టె. ఆ యంత్రానికి చెప్పిన పిన్నునే వేయాలి, రెండు మూడు దగ్గర ఉంచుకోవాలి. కలుపుయంత్రానికైతే ప్రతి కత్తి బోల్టునూ పాన పెట్టి చూసి, కత్తి అంచు సరైన దిశకు ఉన్నదో లేదో గమనించాలి. కత్తులపైన ఉండే రేకు మూతను అడ్డంగా ఉన్నదని తీసి పారవేయరాదు.

ఏడవది పిడి. అన్నింటిలో ముఖ్యమైనది ఇదే. పిడి నొక్కితే రెక్క తిరగాలి, వదిలితే క్షణాలలో ఆగాలి. తీగ మరీ బిగిస్తే వదిలినా రెక్క తిరుగుతూనే ఉంటుంది. మరీ వదులైతే బెల్టు జారి కాలుతుంది. పిడి వదిలి ఉన్నప్పుడు తీగలో కొద్దిపాటి సడలు ఉండాలి, నొక్కినప్పుడు బిగువు రావాలి. మనుషులు దూరంగా ఉన్న ఆరుబయట ఒకసారి నొక్కి, వదిలి, ఆగుతుందో లేదో చూసుకొని పనిలోకి దిగాలి. అద్దె యంత్రానికి ఇది మరీ అవసరం. నిన్న అది ఎవరి చేతిలో ఉన్నదో, వారు ఏమి సర్దారో మనకు తెలియదు.

ఎనిమిదవది మనిషి. లుంగీ ఎగకట్టుకోవాలి, కొంగు బిగించుకోవాలి, అక్కడైతే మఫ్లరు కొసలు కోటులోకి దోపుకోవాలి. తొండం ముఖం మనుషుల వైపు, కిటికీల వైపు, కారు వైపు ఉండరాదు. గాలివాలు చూసుకోవాలి. చలిగా ఉన్నదని కారుశాల తలుపు వేసుకొని ఇంజను వెలిగించరాదు. తలుపు తీసి ఉన్నా సరే, యంత్రాన్ని బయటికి తెచ్చిన తరువాతనే తాడు లాగాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. బయట వెలిగించి, చోకు మెల్లమెల్లగా తీసి, కొన్ని నిమిషాలు వేడెక్కనిచ్చి, అప్పుడు పని మొదలుపెట్టాలి.

ఇవన్నీ చేసినా పని మధ్యలో విఘ్నం రావచ్చు. తడిమంచు తొండంలో బిగుసుకుంటుంది, తుంగ కత్తులకు చుట్టుకుంటుంది. చేతులు పోయేది అప్పుడే. దీనికి ఒకే వాక్యం ఉన్నది. ఇంజను ఆపి, తాళం తీసి, తిరిగేవన్నీ నిలిచేదాకా ఆగి, కర్రతో తీయాలి. చెయ్యి పెట్టరాదు. ఇంజను ఆగినా బెల్టులో బిగువు మిగిలి ఉంటే, అడ్డు తొలగిన క్షణాన రెక్క ఒక్కసారి విదిలించవచ్చు. అందుకే కర్ర. మంచుయంత్రాలకు ఆ పనికని ఒక కర్రను జతచేసి ఇస్తారు కూడా.

ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చూడండి. ఆపి, తీసి, ఆగి. వ్యాకరణంలో వీటిని క్త్వార్థకాలంటాము. ముందు జరగవలసినదానిని ముందే చెప్పడం వీటి స్వభావం. ఇంగ్లీషులో "ఫలానాది చేయండి, అయితే దానికి ముందు ఫలానాది చేసి ఉండండి" అన్న ధోరణి చెల్లుతుంది. సగం విని చెయ్యి పెట్టేవాడికి అది ప్రమాదం. తెలుగులో ప్రధానక్రియ చివర వస్తుంది గనుక, సిద్ధం అంతా వినిపించిన తరువాతనే పని వినిపిస్తుంది. పనికి ముందు చేయవలసినవాటిని వరుసగా చెప్పడానికి ఇంత అనువైన కట్టు మన భాషలో సహజంగా ఉన్నది. క్త్వార్థక ఇకారానికి సంధి లేదని బాలవ్యాకరణం చదివినవారికి తెలుసు. ఇంజను ఆపడానికీ చెయ్యి పెట్టడానికీ మధ్య కూడా సంధి చేయరాదు, విడిగా ఉండనివ్వాలి.

ఇంత అనువైన భాష ఉండగా కొన్ని యంత్రాల వెంట వచ్చే తెలుగు కాగితాలు ఎలా ఉంటాయో చూశారా? "చోక్ నిమగ్నం చేయబడాలి", "ఆపరేటర్ ద్వారా ఆయిల్ స్థాయి నిర్ధారించబడాలి" అన్న తరహా వాక్యాలు. ఎవరు చేయాలి? ఎవరికి చెబుతున్నారు? ఈ "బడు" ధాతువు కర్తను మాయం చేస్తుంది. ఆయిలు చూడవలసిన మనిషే వాక్యంలో లేకపోతే ఆయిలు ఎవరు చూస్తారు? "ఆయిలు చూసుకోండి" అంటే చాలదా?

మరొక అతి కూడా ఉన్నది. మనవంటి పండితులకు అది పరిపాటి. స్పార్కు ప్లగ్గును స్ఫులింగజనకమనీ, క్లచ్చిని సంయోజకమనీ సంస్కరించడం. అటువంటి పేరు పెట్టిన మరుక్షణం మెకానిక్కు నవ్వుతాడు, రైతు జడుస్తాడు. బోల్టు, ప్లగ్గు, బెల్టు, క్లచ్చి ఎన్నడో అజంతాలై మన నోళ్ళలో చేరిపోయాయి. వాటిని వెళ్ళగొట్టనక్కరలేదు. నా మట్టుకు నియమం ఇది: నామవాచకాలు అరువు తెచ్చుకోవచ్చు, క్రియలు మాత్రం మనవి కావాలి. బెల్టు జారుతుంది, ప్లగ్గు మసిబారుతుంది, తీగ సడలుతుంది, బోల్టు బిగుస్తుంది. ఈ క్రియలు ఉన్నంతవరకూ అది తెలుగే. ఇవి పోయి "బెల్ట్ స్లిప్ అవుతుంది, కేబుల్ లూజ్ అవుతుంది" అన్నదే మిగిలితే, "అవుతుంది" ఒక్కటీ మోయలేని బరువు దాని మీద పడుతుంది. మా విద్యార్థి కోరిన పేరు కూడా ఇప్పుడు చెప్పవచ్చు. మంచుయంత్రం అంటే చాలు. పేరుకన్నా దానితో చేయవలసిన పనులకు మాటలు ముఖ్యం.

ఇప్పుడు అన్నింటికీ తెలుగులోనే వీడియోలు ఉన్నాయి గదా, రాతతో పనేమిటని ఒక మిత్రుడు వాదించాడు. వీడియోలు రావడం మంచిదే, నేనూ చూస్తుంటాను. కాని వాటిలో ఎక్కువ భాగం తాడు లాగిన తరువాతి కథే. యంత్రం ఎంత వేగంగా దున్నిందో చూపుతారు. తీగ సడలు ఎంత ఉండాలో చూపేవి అరుదు. పైగా పొలంలో కత్తికి తుంగ చుట్టుకున్నప్పుడు ఫోను తీసి వెతికేవాడెవరు? యంత్రం మీదనే, పిడి పక్కన, చూపు పడేచోట ఒక్క తెలుగు వాక్యం ఉండాలి. "ఇంజను ఆపి, కత్తి ఆగేదాకా నిలిచి, కర్రతో తీయండి." ఇంగ్లీషులో ఆ హెచ్చరిక చీటీ ఎలాగూ అతికిస్తున్నారు. దాని కింద మరొక వరుస తెలుగు అచ్చువేయడం అంత భారమైన పని కాదు. అమ్మేవారిని అడగాలి, అద్దెకిచ్చేవారిని అడగాలి. అడగకపోతే రాదు. వచ్చేదాకా మనమే కాగితం మీద రాసి అతికించవచ్చు.

నాకు తోచిన మరొక ఉపాయం చెబుతాను. కంప్యూటరులో తెలుగు కనబడని రోజుల నుంచి మనలో పలువురు ఒక అలవాటు చేసుకున్నాము. ఫాంటు ఎలా పెట్టుకోవాలి, తెలుగులో ఎలా టైపు చేయాలి, అక్షరాలు డబ్బాలుగా కనబడితే ఏం చేయాలి అని అడుగు తరువాత అడుగుగా, ఎవరూ అడగకముందే, తేటతెలుగులో రాసిపెట్టాము. టపా, అంతర్జాలం వంటి మాటలు అప్పుడు చేతిలోనుంచి పుట్టినవే. ఎవరో సంఘం కూర్చొని తీర్మానించినవి కావు. అదే పని ఇప్పుడు ఇంటి యంత్రాలకు చేయలేమా? మిషిగన్‌లో ఉన్న మిత్రుడు తన మంచుయంత్రాన్ని ఎలా సిద్ధం చేస్తాడో రాయాలి. మండపేటలో ఉన్న మిత్రుడు వరికోత యంత్రం గురించి, అనంతపురం మిత్రుడు మందుకొట్టే పంపు గురించి రాయాలి. చేసి చూసినది మాత్రమే రాయాలి. చేయవలసినవాడు వాక్యంలో ఉండాలి. ముందు చేయవలసినది ముందు రావాలి.

పసుపూ కుంకుమా మానమనడం లేదు. నేను మానలేదు, మీరూ మానవద్దు. ఏరువాకనాడు మన పెద్దలు చేసినట్టు, కర్రు సాగదీసిన తరువాత పెట్టండి. ఆయిలు చూసి, పిడి వదిలి, రెక్క ఆగిందని కంటితో చూసుకున్న తరువాత ఆ యంత్రానికి బొట్టు పెడితే, అది అందంగానూ ఉంటుంది, అర్థవంతంగానూ ఉంటుంది.

మీ యంత్రాల మాటలు రాసి పంపండి. చదవడానికి ఎదురుచూస్తుంటాను.